పోకర్‌లో ఎదుటివాళ్ళకు పెట్టే పేర్లు: ఏది నేర్చుకోవాలి, ఏది నోరు దాటనివ్వకూడదు

ఈ సంక్రాంతికి మీ ఇంట్లో కూడా రమ్మీ పక్కనపెట్టి పోకర్ వేద్దామనే పిల్లలు ఒకరిద్దరు దిగే ఉంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆట నేర్చుకుంటారు, ఆటతో పాటు దాని మాటలూ మోసుకొస్తారు. ఫిష్, నిట్, డాంకీ, వేల్. ఇవన్నీ ఎదుటివాళ్ళకు పెట్టే పేర్లు. బెజవాడ సత్యనారాయణపురంలో మా మేడ మీద నాలుగేళ్ళుగా పండగ మూడు రోజులూ పోకర్ నడుస్తోంది. మొదటి ఏడాదే ఇందులో ఒక్క మాట అని మా బాబాయిని ఆటలోంచి లేపేశాను. అప్పటి నుంచి ఈ మాటల సంగతి శ్రద్ధగా పట్టించుకుంటున్నాను. మీ మేడ మీద అలా జరగకుండా ఏం చేయాలో వరసగా చెబుతాను.

1. ముందు డబ్బు తీసేయండి

డబ్బు ఉన్నచోట ఏ మాటైనా రెండింతలు గుచ్చుకుంటుంది. పైగా చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్నీ నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం ఆన్‌లైన్ డబ్బాటలను దేశమంతటా ఆపింది. రమ్మీ నైపుణ్యం ఆట అని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పిందిగా అని మీ మావయ్య ఒకరు తప్పకుండా అంటారు. ఆ తీర్పు రమ్మీ గురించి, పోకర్ గురించి కాదు. పండగపూట పేపర్లో ‘పేకాటరాయుళ్ళ అరెస్టు’ అనే వార్తలో మనవాళ్ళ పేర్లు ఎందుకు?

మా ఇంట్లో చింతపిక్కలతో ఆడతాం. చింతపండు కొట్టినప్పుడు అమ్మ తీసిపెట్టిన పిక్కలు డబ్బాలో ఉంటాయి. మామూలు పిక్క ఒకటి, ఒక వైపు తెల్లగా అరగదీసినది ఐదు, గవ్వ పాతిక. మనిషికి 25 పిక్కలు, 10 అరగదీసినవి, ఒక గవ్వ ఇస్తే సరిగ్గా వంద. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టే పందేలు, ఒకటి, రెండు. ఇంతకంటే హంగు అక్కర్లేదు.

2. పేర్లు నేర్చుకోండి, ప్రతి పేరు వెనకా ఉన్న ఆటతో సహా

పేరు ఒక్కటే నేర్చుకుంటే తిట్టు నేర్చుకున్నట్టే. ఆ పేరున్న మనిషి ఎలా ఆడతాడో, అతని మీద మనం ఎలా ఆడాలో తెలిసినప్పుడే అది పనికొచ్చే మాట.

ఫిష్ అంటే చేప. ఆట సరిగ్గా రాకుండా ప్రతి ముక్కతోనూ లోపలికి వచ్చేసేవాడు. ఇదే అన్నిటికంటే ఎక్కువగా వినపడే మాట, ఇదే అన్నిటికంటే అర్థం లేని మాట కూడా. ఎందుకంటే చెడ్డగా ఆడటంలో ఎన్నో రకాలున్నాయి. ‘చేప’ అన్నంత మాత్రాన అతను ఎక్కడ పప్పులో కాలేస్తున్నాడో తెలియదు కదా.

కాలింగ్ స్టేషన్ అలా కాదు, అది పనికొచ్చే మాట. మీరు ఎంత పందెం కట్టినా కాల్ అంటూనే ఉంటాడు, అంటే తనూ అంతే కట్టి ఆటలో ఉండిపోతాడు. పెంచడు, వదలడు. మన ఊళ్ళో గంగిరెద్దులా తలూపుతున్నాడు అంటాం చూడండి, అచ్చంగా అదే. ఇలాంటివాళ్ళ ముందు బ్లఫ్ చేయకూడదు, ఒక్కసారి కూడా. చేతిలో ఏమీ లేకుండా బెదిరిస్తే బెదిరేది మీరే. పోకర్‌లో చేతిలో రెండు ముక్కలే, మిగతావి అందరికీ కలిపి బల్ల మీద తిప్పుతారు: మొదటి మూడూ ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. మంచి జత పడిందంటే మాత్రం ఫ్లాప్ మీద, టర్న్ మీద, రివర్ మీద మూడుసార్లూ ధైర్యంగా పందెం కట్టండి. ఆయన మూడుసార్లూ తలూపుతాడు.

నిట్ దీనికి సరిగ్గా ఎదురు. ఆ ఇంగ్లీషు మాటకు మామూలు అర్థం ఈపి, తలలో పేను పెట్టే గుడ్డు. ఎవరి మొహం మీదైనా అనగలిగిన మాటేనా అది? ఆటలో మాత్రం నిట్ అంటే నూటికి పది పన్నెండు ఆటలు మాత్రమే ఆడి, మిగతావన్నీ ముక్కలు చూసి కింద పడేసేవాడు. అతని బ్లైండ్లు చిన్న పందెంతో లాక్కోవచ్చు. కానీ అతను పెంచాడా, మీ చేతిలో రెండు రాజులున్నా ఒకసారి ఆలోచించుకోండి. రాక్ అన్నా దాదాపు ఇదే మనిషి.

వీళ్ళలోనే నాకు చాలా ఇష్టమైనవారు ఒకరున్నారు. అమెరికా పేకాట గదుల్లో ఓల్డ్ మ్యాన్ కాఫీ అంటారు. రిటైరైన పెద్దాయన, పక్కన కాఫీ కప్పు, గంటసేపు ఒక్క ఆటలోకీ రాడు. ఉన్నట్టుండి కప్పు కింద పెట్టి పందెం పెంచుతాడు. అప్పుడు లేచి దణ్ణం పెట్టి ముక్కలు పడేయడమే. మా మేడ మీద ఆ కుర్చీ పై వాటాలో ఉండే ట్రెజరీ ఆఫీసు పెద్దాయనది. ఫిల్టర్ కాఫీ స్టీలు గ్లాసులో తాగుతారు. చేతిలో మంచి ముక్క పడ్డప్పుడు గ్లాసుని డబరాలో పెట్టే చప్పుడు మారుతుందని రెండేళ్ళకు కనిపెట్టాను.

మేనియాక్ అంటే పూనకం వచ్చినవాడు. ముక్క చూడకముందే పెంచేలా ఉంటాడు. అతనితో పోటీకి దిగి మీరూ ఊగిపోకండి. మంచి చేయి వచ్చేదాకా ఆగి, వచ్చాక కూడా మెల్లగా కాల్ అంటూ ఉండండి. మీ తరఫున పందెం అతనే కడతాడు.

డాంకీ అంటే గాడిద. మన భాషలో గాడిద అంటే తిట్టే వినపడుతుంది, ఇంకేదీ వినపడదు. కానీ అందులోంచి పుట్టిన డాంక్ బెట్ అనే మాట ఇప్పుడు తిట్టు కాదు. ముందు రౌండులో పందెం పెంచినవాడు ఉండగా, అతని వంతు రాకముందే మనం ముందుకొచ్చి ఫ్లాప్ మీద పందెం కట్టడాన్ని అలా అంటారు. ఆటలో చేసే పనికి పేరు కాబట్టి మేడ మీద కూడా వాడుకోవచ్చు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షార్క్ బాగా ఆరితేరినవాడు, మన మాటల్లో ముదురు. రెగ్ అంటే రోజూ వచ్చేవాడు. గ్రైండర్ అంటే ఇడ్లీ పిండి రుబ్బినట్టు గంటల తరబడి మెల్లగా తిరుగుతూ కొంచెం కొంచెం కూడబెట్టేవాడు. వేల్ అంటే తిమింగలం, పోయినా లెక్కలేనంత డబ్బున్నవాడు. చింతపిక్కల ఆటలో తిమింగలాలుండవు.

టిల్ట్ అనేది మనిషి పేరు కాదు, ఒక స్థితి. పిన్‌బాల్ అనే గోళీ ఆట యంత్రాన్ని పట్టుకుని ఊపేస్తే టిల్ట్ అని చూపించి ఆట ఆగిపోతుంది, అక్కడి నుంచి వచ్చిన మాట. మనం ‘కసి మీద ఆడుతున్నాడు’ అంటాం. ఎదుటివాళ్ళలో దీన్ని గుర్తుపట్టడం కంటే మనలో గుర్తుపట్టడం పదిరెట్లు కష్టం. నేను ఆ మాట జారింది టిల్ట్‌లోనే.

3. పేరు పెట్టే ముందు ఆగండి

ఇంట్లో మనమే ముక్కలు పంచుకుంటూ ఆడితే గంటకు ఇరవై, పాతిక ఆటలు అవుతాయి. కనీసం మొదటి గంట ఎవరికీ ఏ పేరూ పెట్టకండి. ఒక్క పిచ్చి కాల్ చూసి చేప అనుకుంటే మోసపోతారు. ఆ ఒక్కసారి ఆయన కళ్ళజోడు లోపల మర్చిపోయి ఉండొచ్చు, ఇస్పేటునీ కళావరునీ కలిపి చూసి ఉండొచ్చు. రెండూ నల్లవే కదా.

అమెరికా పెట్టుబడిదారు వారెన్ బఫెట్ 1987 సంవత్సరానికి తన వాటాదారులకు రాసిన లేఖలో పోకర్ ఆటగాళ్ళ సామెత ఒకటి చెప్పాడు. అరగంట ఆడాక కూడా ఆ బల్ల దగ్గర అమాయకుడెవరో తెలియకపోతే ఆ అమాయకుడివి నువ్వే అని దాని సారం. చాలామంది దీన్ని పట్టుకుని అరగంటలోపు ఎవరో ఒకరికి ముద్ర వేయాలని తొందరపడతారు. నేను దాన్ని అద్దంలా వాడుకుంటాను. ఇవాళ బల్ల మీద అందరికంటే ఎక్కువ ఆటల్లోకి దూరుతున్నది నేనేనా అని ముందు చూసుకుంటాను.

ముద్రలు ఎంత తప్పవుతాయో చెప్పడానికి 2003 ఒక్కటి చాలు. లాస్ వేగాస్‌లో ఆ ఏడాది వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో 839 మంది ఆడారు. అందులో క్రిస్ మనీమేకర్ ఒక అకౌంటెంటు, ఆన్‌లైన్‌లో చిన్న పోటీ గెలిచి సీటు సంపాదించుకున్న కొత్తవాడు. చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకడు అతను, రెండోవాడు చేయి తిరిగిన సామ్ ఫర్హా. ఒక ఆటలో మనీమేకర్ చేతిలో రాజు, ఏడు. ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) రాలేదు, స్ట్రెయిట్ (వరస ముక్కలు ఐదు) రాలేదు, జత కూడా లేదు. అయినా రివర్ మీద ఉన్నదంతా ముందుకు తోశాడు. తొమ్మిదుల జత ఉన్న ఫర్హా చాలాసేపు చూసి ముక్కలు పడేశాడు. పోటీ కొత్తవాడే గెలిచాడు, 25 లక్షల డాలర్లు.

4. పేరు కాదు, చేసిన పని రాసుకోండి

చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. బల్ల మీద కాదు, ఆట అయ్యాక లోపలికెళ్ళి రాయండి. నా పుస్తకంలో మొదటి ఏడాది బాబాయి పేరు ఎదురుగా ‘చేప’ అని ఒక్క ముక్క ఉంది. దాన్ని చదివితే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. ఆయనను అన్నందుకే కాదు, అందులో నాకు పనికొచ్చేది ఒక్కటీ లేనందుకు కూడా. ఇప్పుడు అదే పేజీలో ఇలా ఉంది: ‘చిన్న జత పడితే రివర్ దాకా వదలరు. ఒక్క ఆసు ఉంటే మాత్రం ఫ్లాప్ మీదే పడేస్తారు. ఆయన పందెం పెంచారంటే రెండు జతలైనా ఉంటాయి.’ ఇది చదివి ఆడొచ్చు. ఇంకో విషయం, పొరపాటున ఆ పుస్తకం బాబాయి చేతిలో పడినా నేను తల దించుకోనక్కర్లేదు.

5. బల్ల దగ్గర నోరు కట్టుకోండి

ఇక ఆ రోజు సంగతి. సంక్రాంతి మధ్యాహ్నం, అరిసెల పళ్ళెం మధ్యలో ఉంది. నా చేతిలో రెండు ఆసులు. పెంచాను, బాబాయి ఒక్కరే కాల్ అన్నారు. ఫ్లాప్ రాణి, తొమ్మిది, మూడు. మళ్ళీ కట్టాను, కాల్. టర్న్ రెండు. ఇంకా పెద్దగా కట్టాను, ఆయన గవ్వని వేళ్ళ మధ్య తిప్పి తిప్పి ముందుకు జరిపారు. రివర్ కళావరు ఏడు. బాబాయి ముక్కలు తిప్పారు, రెండు ఏడ్లు. బల్ల మీదది కలిపి మూడు.

అప్పుడు నేను గట్టిగా, అందరూ వినేలా, ‘ఇలా ఆడేవాళ్ళనే ఫిష్ అంటారు బాబాయ్’ అన్నాను. అక్కడితో ఆగానా, ఫిష్ అంటే ఏమిటో పిల్లలకు వివరించాను. బాబాయి ఏమీ అనలేదు. గెలిచిన పిక్కలను కూడా దగ్గరికి లాక్కోలేదు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, ‘కాస్త నడుం వాలుస్తానురా’ అని కిందకి వెళ్ళిపోయారు.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ రివర్ ముక్క తిరిగే ముందు కనపడనివి 44 ముక్కలు, అందులో ఏడ్లు రెండే. అంటే 22 సార్లు ఇదే ఆట ఆడితే 21 సార్లు ఆ పిక్కలు నావి. ఆయన అలా ఆడటమే నాకు లాభం. దాన్ని తప్పని చెప్పి మాన్పించాలని చూసింది నేనే. పోకర్ వాళ్ళు దీన్ని అక్వేరియం గాజు మీద కొట్టకు అంటారు, కొడితే చేపలు బెదిరిపోతాయని. మనకు గాజుపెట్టె ఎందుకు, ప్రకాశం బ్యారేజీ కింద కృష్ణలో వల వేసేవాళ్ళను చూడండి. వల వేసి నీళ్ళలో రాయి విసిరేవాడు ఉంటాడా?

పోకర్ పెద్దలు చెప్పే మర్యాదకు మూలం ఇదే, లాభం. అది నిజమే, కానీ నాకు చాలదు. మన మేడ మీద కూర్చున్నవాళ్ళు చేపలు కారు. చిన్నప్పుడు మనల్ని సైకిల్ మీద ఎక్కించుకుని గాంధీనగర్‌లో సినిమాకు తీసుకెళ్ళినవాళ్ళు. లాభం సంగతి అటుంచి, ఆ మాట వాళ్ళ మీద వేయడానికి మనకు హక్కే లేదని నా అభిప్రాయం.

పెద్ద పెద్ద ఆటగాళ్ళకూ ఈ నోటి దురుసు ఉంది. 1989లో 24 ఏళ్ళకే మెయిన్ ఈవెంట్ గెలిచిన ఫిల్ హెల్‌ముత్‌కు పోకర్ బ్రాట్, అంటే పోకర్‌లో పెంకి పిల్లాడు, అని పేరు పడింది, ఓడినప్పుడు ఎదుటివాళ్ళ ఆటను దులిపేస్తాడని. టీవీలో చూసి పిల్లలు అదే పోకర్ పద్ధతి అనుకుంటారు. కాదని చెప్పండి. టోర్నమెంట్ డైరెక్టర్ల సంఘం నియమాల్లో దుర్భాష మర్యాద తప్పడం కిందే వస్తుంది, శిక్ష కూడా ఉంటుంది.

6. వరస చూసి మాట వాడండి

ఇది ఏ పోకర్ నియమాల్లోనూ దొరకదు. బావా బావమరిది మధ్య చేప, గాడిద రెండూ చెల్లుతాయి, ఎందుకంటే సరసం ఆ వరసలోనే ఉంది. మా బావ నన్ను ‘ఏరా తిమింగలం, ఇంకో గవ్వ పెట్టు’ అంటాడు, నేను ఇంకో నాలుగు కలిపి తిప్పి అంటాను. వదిన మరిదిని అన్నా నవ్వుతారు. అదే మాట బాబాయిని, మావయ్యని, పిల్లనిచ్చిన మావగారిని అనకూడదు. కొత్త అల్లుణ్ణి అయితే అసలు అనకూడదు, అతను తిరిగి అనలేడు. తిరిగి అనలేనివాడి మీద వేసే మాట సరసం కాదు.

పక్క వాటావాళ్ళు, ఆఫీసు స్నేహితులు వస్తే గారూ, అండీ తప్ప ఇంకేం వద్దు. ‘బాగా ఆడారండి’ అంటే సరిపోతుంది. ఓడినప్పుడు అయితే ఇంకా జాగ్రత్త. ‘నక్క తోక తొక్కొచ్చారు’ అని గెలిచినాయనతో అంటే, నీకు ఆట రాదు, అదృష్టం ఉంది అని చెప్పినట్టే. సొంత తమ్ముడి దగ్గర ఆ సామెత వాడుకోండి.

7. మాట లేకుండా చేసే అవమానాలూ ఉన్నాయి

గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, ఎదుటివాళ్ళు పిక్కల మీద చేయి వేసేదాకా ఊరించి, అప్పుడు తిప్పడం ఒకటి. స్లో రోల్ అంటారు. నోటితో ఒక్క పేరూ పెట్టకుండానే మనిషిని వెర్రివాణ్ణి చేసే పని ఇది. గెలిచారని తెలిస్తే వెంటనే చూపించండి.

వెనక కూర్చుని ముక్కలు చూసేవాళ్ళ సంగతి ఆట మొదలయ్యే ముందే తేల్చండి. ఒక చేతికి ఒకడే ఆటగాడు. పిన్ని వెనక నుంచి ‘అయ్యో, అది పడేస్తున్నావేంటే’ అందంటే ఆ ఆట అక్కడితో పాడైపోయినట్టే.

తెలుగు రాని స్నేహితుడు వస్తే, ఆట నడుస్తున్నంతసేపు అతనికి తెలిసిన భాషలోనే మాట్లాడండి. పోకర్ గదుల్లో బల్ల దగ్గర ఏ భాష మాట్లాడాలో ముందే చెప్పేస్తారు, ఇద్దరు కలిసి కూడబలుక్కోకుండా. మన ఇంట్లో ఎవరూ మోసం చేయరు, కానీ తనకు తెలియని మాటకు అందరూ నవ్వితే అతను తన గురించే అనుకుంటాడు.

8. జారితే వెంటనే వెళ్ళండి

మాట జారాక బల్ల దగ్గరే ‘సరదాకి అన్నా’ అనకండి, అది రెండో దెబ్బ. ఫోనులో మెసేజ్ పెట్టకండి. మనిషి దగ్గరికి వెళ్ళండి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ నేను గారెల డబ్బా పట్టుకుని పటమట వెళ్ళాను. తప్పైపోయింది బాబాయ్, అనకూడని మాట అన్నాను అన్నాను. అంతే, ఆసుల గురించి ఎత్తలేదు. బాబాయి ఒక గారె తిని, ‘ఆ చివరి ముక్క పడకపోతే నువ్వే గెలిచేవాడివి కదరా, మరి నా మీద అంత కోపమెందుకు?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మరుసటి పండక్కి ఆయనే ముందొచ్చి కూర్చున్నారు.

9. ఆట గురించి మాట్లాడుకోవడం మర్నాటికి వాయిదా వేయండి

ఎక్కడ తప్పు చేశామో చెప్పుకోకపోతే ఎవరి ఆటా బాగుపడదు. కానీ బల్ల దగ్గర వద్దు, అప్పటికి ఓడినవాళ్ళ ఒళ్ళు ఇంకా వేడిగా ఉంటుంది. మర్నాడు టిఫిన్లయ్యాక, ‘నిన్నటి ఆట ఒకటి చెప్పుకుందామా?’ అని అడిగి, సరే అంటేనే ఎత్తండి. దీనికి పోకర్ వాళ్ళ దగ్గర చక్కటి పద్ధతుంది. చెబుతున్నవాడు హీరో, ఎదుటివాడు విలన్, అంతే. సినిమా విలన్‌లా చెడ్డవాడని కాదు, ఎవరి ఆటో పేరు చెప్పకుండా మాట్లాడటానికి. ‘హీరో దగ్గర ఆసుల జత, విలన్ టర్న్ మీద కాల్ అన్నాడు, హీరో ఏం అనుకోవాలి?’ అని పిల్లల ముందు పెట్టండి. పోయిన కనుమ నాడు నా ఆసుల ఆటనే ఇలా చెబుతుంటే బాబాయి మధ్యలో ఆపి, విలన్ ఫ్లాప్ మీదే వదిలేయాల్సిందిరా అన్నారు. ఎందుకో కూడా ఆయనే చెప్పారు, హీరో మొదటి నుంచీ అంత గట్టిగా కడుతుంటే రాణుల జతైనా ఉండి ఉంటుందని.

లేచే ముందు పిక్కలు లెక్కపెట్టి డబ్బాలో పోయండి. ఆరుగురికి 150 మామూలువి, 60 అరగదీసినవి, 6 గవ్వలు. తక్కువైతే చాప ఎత్తి చూడండి.